అమెరికా నేషనల్ బ్యాంకు నోటు మీ చేతికొస్తే: గుర్తించడం, వెల కట్టడం ఎలా?

పాత డాలరు నోటు కనబడగానే అందరి చూపూ ముందు దాని మీది సంవత్సరం మీదికి పోతుంది, తరువాత అంకె మీదికి. నేషనల్ బ్యాంకు నోట్ల విషయంలో ఈ రెండూ వెనక వరుసలో కూర్చోవలసినవే. 1929 శ్రేణికి చెందిన పది డాలర్ల నోట్లు రెండు తీసుకోండి. ఒకే రంగు, ఒకే బొమ్మ, ఇంచుమించు ఒకేలా నలిగినవి. ఒకటి న్యూయార్క్‌లోని పెద్ద బ్యాంకుది. దానికి వంద డాలర్లు రావడమే గొప్ప. రెండోది వ్యోమింగ్‌లోనో నెవాడాలోనో ఒక చిన్న ఊరి బ్యాంకుది; దానికోసం వేలంలో వేల డాలర్లు పెట్టేవాళ్లు ఉంటారు. తేడా అంతా నోటు మీద నల్ల సిరాతో అచ్చయిన బ్యాంకు పేరులో ఉంది. అందుకే ఇది నోటును పరీక్షించే పని అనిపించినా, నిజానికి సగానికి పైగా బ్యాంకు ఆచూకీ తీసే పని.

ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో రెండు మాటల్లో తెలుసుకుంటే మిగతాది సులువవుతుంది. మన దేశంలో 1861లో ప్రభుత్వం బ్యాంక్ ఆఫ్ మద్రాస్ వంటి ప్రెసిడెన్సీ బ్యాంకుల చేతిలోంచి నోట్ల జారీ హక్కును పూర్తిగా తీసేసుకుంది. రెండేళ్ల తరువాత, అంతర్యుద్ధం మధ్యలో, నోట్లు ఎవరు జారీ చేయాలన్న అదే సమస్యకు అమెరికా సగం దారిలో ఆగే పరిష్కారం ఎంచుకుంది. 1863 ఫిబ్రవరి 25న లింకన్ సంతకం చేసిన చట్టం ప్రకారం నోటు నమూనా, దాని వెనక హామీ కేంద్ర ప్రభుత్వానివి. జారీ చేసేది మాత్రం ఊరి బ్యాంకు. బ్యాంకు ముందుగా ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీలో తాకట్టు పెట్టాలి. ఆ విలువలో మొదట్లో 90 శాతం వరకు, 1900 తరువాత నూటికి నూరు శాతం వరకు తన పేరుతో నోట్లు పొందవచ్చు. అదే 1900 చట్టం మూడు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలో 25,000 డాలర్ల మూలధనంతోనే బ్యాంకు పెట్టుకోనిచ్చింది. దాంతో ధాన్యం గోదాము, రైల్వే స్టేషను తప్ప మరేమీ లేని ఊళ్లకు కూడా సొంత పేరున్న నోట్లు వచ్చాయి. 1935లో ఆ బాండ్లను ప్రభుత్వం వెనక్కి తీసుకోవడంతో ఈ నోట్ల కథ ముగిసింది. అప్పటికి నోట్లు జారీ చేసిన బ్యాంకులు పన్నెండు వేలు దాటాయి. ఇప్పుడు సేకర్తలు వెంటపడేది ఆ చిన్న ఊళ్లనే.

మొదట: ఇది నిజంగా నేషనల్ బ్యాంకు నోటేనా?

ముఖభాగంలో పైన ‘నేషనల్ కరెన్సీ’ అని ఉండాలి. బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం ఉండాలి. ఆ బ్యాంకు క్యాషియర్, ప్రెసిడెంటుల సంతకాలకు చోటు ఉండాలి.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. 1929లో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నోట్లు కూడా ఇదే గోధుమ రంగు ముద్రతో, ఇదే ‘నేషనల్ కరెన్సీ’ శీర్షికతో వచ్చాయి. అంతకు ముందు వచ్చిన పెద్ద సైజు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నోట్ల మీదా ఆ మాట ఉంది. కాబట్టి శీర్షిక చూసి ఆగకండి, బ్యాంకు పేరు చదవండి. ‘ది ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ షికాగో’ వంటి పేరు ఉంటే అది వేరే జాతి. 1929 నోట్లలో ఇంకో గుర్తు: ఫెడరల్ రిజర్వ్ వాటి మీద ‘ఏ’ నుంచి ‘ఎల్’ వరకు ఏదో ఒక పెద్ద అక్షరం నల్లగా ఉంటుంది, నేషనల్ బ్యాంకు నోటు మీద ఆ చోట అంకెలు ఉంటాయి.

1863కు ముందు రాష్ట్రాల అనుమతితో నడిచిన బ్యాంకుల నోట్లు కూడా పాత పెట్టెల్లో దొరుకుతుంటాయి. చూడడానికి బాగుంటాయి, వాటికీ సేకర్తలున్నారు, కానీ వాటి లెక్క పూర్తిగా వేరు. ఈ దారిలో వాటి ధర తేలదు.

సైజు, ఆ తరువాత శ్రేణి

నోటును ఇవాళ్టి డాలరు పక్కన పెట్టండి. సరిసమానంగా ఉంటే అది 1929 శ్రేణి. బాగా పెద్దదిగా, సుమారు ఏడున్నర అంగుళాల పొడవు, మూడు అంగుళాలకు కాస్త మించిన వెడల్పుతో ఉంటే అంతకు ముందుది.

చిన్న సైజులో చూడవలసింది ఒక్కటే: చార్టర్ నంబరు, అంటే బ్యాంకుకు ప్రభుత్వం ఇచ్చిన అనుమతిపత్రం సంఖ్య, ఎన్నిసార్లు ఉంది? నల్లగా రెండుసార్లు మాత్రమే ఉంటే టైప్ 1. నల్లగా రెండుసార్లు, సీరియల్ నంబర్ల పక్కన గోధుమ రంగులో మరో రెండుసార్లు, మొత్తం నాలుగుసార్లు ఉంటే టైప్ 2. టైప్ 1 సీరియల్‌కు ముందూ వెనకా అక్షరాలుంటాయి. ఆరు నోట్ల షీటులో ఆరింటికీ ఒకటే అంకె. ముందున్న అక్షరం మాత్రం ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు మారుతుంది. 1933లో వచ్చిన టైప్ 2లో వెనక అక్షరం పోయింది, అంకెలు వరుసగా నడిచాయి. అది రెండేళ్లే నడిచింది కనుక చాలా బ్యాంకులకు టైప్ 2 తక్కువగా దొరుకుతుంది. కొన్ని బ్యాంకులు టైప్ 2 అసలు వేయనేలేదు. కొన్ని ఆలస్యంగా మొదలై టైప్ 2 మాత్రమే వేశాయి.

పెద్ద సైజులో మూడు తరాలు ఉన్నాయి. మొదటి తరం 1863 నుంచి 1882 వరకు. ఒరిజినల్ శ్రేణి, 1875 శ్రేణి రెండూ ఇందులోవే. ఒకటి, రెండు డాలర్ల నేషనల్ నోట్లు ఈ తరంలోనే వచ్చి, 1879తో ఆగిపోయాయి. రెండు డాలర్ల నోటు మీది పెద్ద 2 అంకె పడుకుని ఉంటుంది కనుక సేకర్తలు దాన్ని ‘లేజీ డ్యూస్’ అంటారు. షీటుకు మూడు ఒకటి డాలర్లు, ఒకే ఒక్క రెండు డాలర్లు అచ్చు వేశారు. అదే దాని అరుదుదనానికి మూలం. ఎంత నలిగిపోయినా మామూలుగా వెయ్యి డాలర్లకు తక్కువ పలకదు.

రెండో తరం 1882 శ్రేణి. ఇక్కడ నోటు తిప్పి వీపు చూడాలి. గోధుమ రంగు అల్లిక మధ్య చార్టర్ నంబరు పెద్ద అంకెల్లో ఉంటే ‘బ్రౌన్ బ్యాక్’. ఈ కుటుంబం మొత్తంలో కంటికి ఇంపైనది అదేనని నా అభిప్రాయం. ‘1882–1908’ అని ఉంటే ‘డేట్ బ్యాక్’. విలువ అక్షరాల్లో రాసి ఉంటే ‘వాల్యూ బ్యాక్’.

మూడో తరం 1902 శ్రేణి. ఐదు డాలర్ల మీద బెంజమిన్ హారిసన్, పది మీద మెకిన్లీ, ఇరవై మీద హ్యూ మెకలక్ బొమ్మలుంటాయి. ముఖం మీద ట్రెజరీ ముద్ర ఎర్రగా ఉంటే ‘రెడ్ సీల్’. అది 1902 నుంచి 1908 వరకే నడిచింది, బాగా తక్కువ. ముద్ర నీలంగా ఉండి వీపున ‘1902–1908’ ఉంటే డేట్ బ్యాక్. నీలం ముద్ర ఉండి వీపున తేదీలు లేకపోతే ‘ప్లెయిన్ బ్యాక్’. మీ చేతికి వచ్చే పెద్ద నోటు ఈ చివరి రకమే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఒక తికమక ఉంది. 1910లో ఒక బ్యాంకు 1882 నోట్లు ఇస్తుంటే, పక్క వీధి బ్యాంకు 1902 నోట్లు ఇస్తుండేది. కారణం, చార్టర్ గడువు ఇరవై ఏళ్లు. గడువు తీరి పునరుద్ధరించుకున్నప్పుడే బ్యాంకు కొత్త శ్రేణికి మారేది. శ్రేణి సంవత్సరం అచ్చయిన సంవత్సరం కాదనడానికి ఇదే కారణం. ముఖం మీద అందమైన అక్షరాల్లో కనిపించే తేదీ కూడా ముద్రణ తేదీ కాదు. అది బ్యాంకు ఏర్పాటుకో, చార్టర్ పొడిగింపుకో సంబంధించినది. ఆ తేదీని చూసి ‘నూట ఇరవై ఏళ్ల నోటు’ అని ప్రకటన ఇచ్చే అమ్మకందారు దగ్గర తక్కిన మాటలు కూడా ఒకటికి రెండుసార్లు పరీక్షించండి.

చార్టర్ నంబరే తాళంచెవి

ప్రతి నేషనల్ బ్యాంకుకు కరెన్సీ కంట్రోలర్ ఒక నంబరు ఇచ్చాడు. ఒకటో నంబరు ఫిలడెల్ఫియా ఫస్ట్ నేషనల్ బ్యాంకుది. చివరికి అవి పద్నాలుగు వేలు దాటాయి. ఈ నంబరును నోటు మీద ముద్రించాలన్న నిబంధన 1874లో వచ్చింది. అందుకే ఒరిజినల్ శ్రేణి నోట్లలో చాలావాటి మీద అది కనబడదు. అప్పుడు బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం కలిపి వెతకాలి.

పేరుతో పాటు నంబరు కూడా ఎందుకంటే, అమెరికాలో ‘ఫస్ట్ నేషనల్ బ్యాంకు’లు వేలకొద్దీ ఉన్నాయి, ‘స్ప్రింగ్‌ఫీల్డ్’లు రాష్ట్రానికొకటి ఉన్నట్టుంటాయి. దీనికి తోడు ఒకే ఊళ్లో ‘ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్’ ఒకటి మూతపడితే, దాని చోట ‘ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఇన్’ అంటూ వేరే చార్టర్‌తో ఇంకొకటి లేచేది. ఒక్క విభక్తి తేడాతో మొదటిది మామూలుది, రెండోది అరుదైనది కావచ్చు. పేరును అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి.

పెద్ద నోటు మీద నంబర్ల గుంపు చూసి కంగారుపడకండి. చార్టర్ నంబరు కాక రెండు సీరియళ్లు ఉంటాయి: ఒకటి ట్రెజరీది, రెండోది బ్యాంకుది. 1925 నుంచి ట్రెజరీ సీరియల్ తీసేసి రెండు చోట్లా బ్యాంకు నంబరే వేశారు. 1902 నుంచి 1924 వరకు చార్టర్ నంబరు పక్కన ప్రాంతాన్ని తెలిపే ఒక అక్షరం కూడా పడేది: తూర్పుకు ‘ఈ’, దక్షిణానికి ‘ఎస్’, పశ్చిమానికి ‘డబ్ల్యూ’ ఇలా. విలువతో దానికి సంబంధం లేదు. బ్యాంకు సీరియల్ మాత్రం చూసి పెట్టుకోండి. అది ఒకటో నంబరు అయితే ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది.

రాష్ట్రం పేరు దగ్గర మరో క్షణం ఆగండి. అక్కడ ‘టెరిటరీ’ అని ఉందా? డకోటా, అరిజోనా, న్యూ మెక్సికో, ఓక్లహోమా వంటివి రాష్ట్రాలు కాకముందు అక్కడి బ్యాంకులు ఇచ్చిన నోట్లకు ప్రత్యేకమైన గిరాకీ ఉంది. అలాస్కా, హవాయి, పోర్టో రికోల పేర్లు కనిపించినా అంతే. కాలిఫోర్నియా బ్యాంకుల పేరుతో, పసుపు ఛాయ కాగితం మీద, బంగారు నాణేల్లో చెల్లిస్తామని రాసి ఉంటే అది నేషనల్ గోల్డ్ బ్యాంకు నోటు. అలాంటిది దొరికితే ఇక్కడితో ఆపి నేరుగా పెద్ద వేలం సంస్థతో మాట్లాడండి.

ఎన్ని మిగిలాయి?

ధరను నిర్ణయించే ప్రశ్న ఇదే. బ్యాంకు ఎన్ని నోట్లు జారీ చేసిందో ప్రభుత్వ రికార్డుల్లో ఉంది. కానీ ఇవాళ ఎన్ని బతికి ఉన్నాయనేది సేకర్తలు దశాబ్దాలుగా వేలం పట్టికలు, ప్రదర్శనలు గాలించి ఒక్కొక్కటిగా రాసుకున్న లెక్క. ఆ పట్టికను ఈ రంగంలో ‘సెన్సస్’ అంటారు. నేషనల్ కరెన్సీ ఫౌండేషన్ వారి సెన్సస్ అంతర్జాలంలో ఉంది. పేపర్ మనీ సేకర్తల సంఘం నడిపే బ్యాంకు చరిత్రల విజ్ఞాన సర్వస్వంలో బ్యాంకు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు మూతపడింది, ఎవరు సంతకాలు చేశారు అన్నవి దొరుకుతాయి. సంతకాల పేర్లు అక్కడి జాబితాతో కలుస్తున్నాయో లేదో చూడడం నోటు అసలుదేనా అని తేల్చడానికి కూడా పనికొస్తుంది.

సెన్సస్‌లో ఆ బ్యాంకుకు పెద్దవి మూడు, చిన్నవి ఐదు ఉన్నాయని తేలిందనుకుందాం. అది అరుదైన బ్యాంకు. చిన్నవి రెండు వందలు ఉంటే అది మామూలు బ్యాంకు, కాగితం ఎంత శుభ్రంగా ఉన్నా సరే. అసలు ఒక్కటీ నమోదు కాలేదంటే మీ గుండె వేగం పెరగడం న్యాయమే. కానీ ముందు పేరు, నంబరు మళ్లీ సరిచూసుకోండి. సెన్సస్ ఎప్పటికీ అసంపూర్ణమే. పాత ఇంటి పెట్టెలో ఒక కట్ట బయటపడితే, నిన్నటి అపురూపం ఇవాళ పది మందికి దొరుకుతుంది. చాలా బ్యాంకుల విషయంలో ఇలా జరిగింది.

అరుదుదనానికి జంట గిరాకీ. పెన్సిల్వేనియాలో బ్యాంకులు లెక్కకు మించి ఉన్నాయి, నోట్లూ ఎక్కువే. అయితే తమ జిల్లా నోట్లు కూడబెట్టే స్థానికులూ ఎక్కువే. ఊరికి పెద్ద అదృష్టం ఏమిటంటే, అక్కడ పుట్టి పెరిగి డబ్బు సంపాదించుకున్న ఇద్దరు సేకర్తలు ఒకే వేలానికి రావడం. ధరలు అలా పుడతాయి. డాలస్, న్యూజెర్సీ వైపు స్థిరపడిన తెలుగువారు ఈ రంగంలోకి రావాలనుకుంటే తాము ఉంటున్న కౌంటీలో 1935కు ముందు ఏ నేషనల్ బ్యాంకులు ఉండేవో చూసి మొదలుపెట్టడం మంచి మార్గం.

కాగితం స్థితి

నోటును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. మడతలు లెక్కపెట్టండి. పిన్ను రంధ్రాలు, అంచు చిరుగులు, మూలలు అరిగిపోవడం, వెనక అంటించిన టేపు, పెన్సిల్ రాతలు, బ్యాంకు ముద్రలు అన్నీ రాసుకోండి. అంచులు నాలుగు వైపులా సమంగా ఉన్నాయా, లేక చిరుగు దాచడానికి ఎవరైనా కత్తిరించారా?

నోటు అసలుదేనా, ఏ స్థితిలో ఉంది అన్నది తేల్చే గ్రేడింగ్ సంస్థలు 70 పాయింట్ల కొలమానం వాడతాయి. ఒక్క మడత కూడా లేనివి 60 పైన. ఒకటి రెండు మడతలున్నవి 50ల్లో. 20 నుంచి 35 వరకు ఉన్నది ‘వెరీ ఫైన్’: చేతులు మారింది, నలిగింది, అయినా కాగితంలో బిరుసు పోలేదు. నేషనల్ నోట్లలో మామూలుగా కనిపించేది ఈ తరగతి, లేదా దీని కింది తరగతులు. రెండే రెండు మిగిలిన బ్యాంకు నోటుకు చిరిగిన మూల పెద్ద లోటు కాదు. మామూలు బ్యాంకు నోటుకు మాత్రం స్థితే సర్వస్వం.

పెద్ద నోట్లలో సంతకాల సంగతి వేరుగా చూడాలి. కొన్ని బ్యాంకుల అధికారులు పెన్నుతో సంతకం పెట్టేవారు, కొందరు రబ్బరు స్టాంపు వేసేవారు. ఏళ్లు గడిచేసరికి ఆ సిరా వెలిసిపోతుంది. వెలిసిన సంతకం వల్ల ధర కొంత తగ్గుతుంది, అంతే. దాని మీద ఎవరో తరువాత కొత్త సిరాతో దిద్దితే మాత్రం ధర దారుణంగా పడుతుంది. భూతద్దంతో చూస్తే దిద్దిన గీత కాగితపు పీచు మీద కొత్తగా తేలి కనబడుతుంది. అతినీలలోహిత దీపం కింద పాత కాగితం మెరవకుండా మసకగానే ఉండాలి. తెల్లగా మెరిసిందంటే ఆధునిక కాగితమో, మరమ్మతో, ఉతికిన ఆనవాలో అయి ఉంటుంది. బ్యాంకు పేరును, ఊరిని మార్చి మామూలు నోటును అరుదైనదిగా చూపే మోసాలు కూడా ఉన్నాయి. పేరు చుట్టూ కాగితం పలచబడిందేమో తాకి కాదు, వెలుగులో చూసి తెలుసుకోండి.

ఈ దశలో చేయకూడనివి కూడా చెప్పాలి. ఉతకడం, ఇస్త్రీ చేయడం, టేపు అంటించడం వద్దు. మన ఇళ్లలో పదో తరగతి సర్టిఫికెట్టు నుంచి తాతగారి ఫొటో దాకా ప్రతిదాన్నీ లామినేషన్ చేయించే అలవాటుంది. నోటుకు ఆ పని చేస్తే దాని ధర అక్కడికక్కడే పోతుంది. మెత్తటి పీవీసీ కవర్లు కూడా కాగితాన్ని పాడు చేస్తాయి. మైలార్ (పారదర్శకమైన పాలియెస్టర్) కవరు కొని, మడవకుండా, తేమ తగలని చోట ఉంచండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో సిలికా జెల్ పొట్లం పక్కన ఉండడం మేలు.

అంకె ఎలా వేయాలి

ఇప్పటిదాకా రాసుకున్నది ఒక వరుసలో పెట్టండి: విలువ, శ్రేణి, రకం, చార్టర్, ఊరు, సెన్సస్ సంఖ్య, స్థితి. దీనికి తోడు అమెరికా నోట్ల సేకర్తలు వాడే ఫ్రీడ్‌బర్గ్ నంబరు కూడా కనుక్కుని రాయండి. అది నోటు రకాన్ని చెబుతుంది, బ్యాంకును చెప్పదు. అయినా వేలం రికార్డుల్లో వెతకడానికి కావాలి.

తరువాత హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ వంటి వేలం సంస్థల పాత ఫలితాల్లో చార్టర్ నంబరుతో వెతకండి. అదే బ్యాంకు, అదే రకం, దగ్గరి స్థితిలో ఉన్న అమ్మకాలు మూడు దొరికితే మీ పని దాదాపు అయిపోయినట్టే. అదే బ్యాంకు దొరక్కపోతే అదే రాష్ట్రంలో, సెన్సస్ సంఖ్య ఇంచుమించు సమానంగా ఉన్న బ్యాంకులు చూడండి. ఊరి జనాభా, జిల్లా కూడా దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. ఈబే లాంటి చోట్ల అడుగుతున్న ధరలను లెక్కలోకి తీసుకోకండి. ఐదేళ్లుగా కొనేవాడు లేక వేలాడుతున్న ప్రకటన ధర కాదు, కోరిక. అమ్ముడైన వాటి జాబితా మాత్రమే చూడండి.

వేలం ఫలితాల్లో కనిపించే అంకెలో కొన్నవాడు అదనంగా కట్టే కమిషన్ కలిసి ఉంటుంది. సుమారు 20 శాతం. అమ్మకందారు చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. డీలరు తన లాభం చూసుకునే కొంటాడు, కాబట్టి ఆయన చెప్పేది ఇంకా తక్కువ ఉంటుంది. అది మోసం కాదు, వ్యాపారం. పది పదిహేనేళ్ల కిందటి ఫలితాన్ని నేటి ధరగా పట్టుకోకండి. ఈ మార్కెట్టు పైకే పోతుందన్న నియమం లేదు.

న్యూయార్క్ చేజ్ నేషనల్, శాన్ ఫ్రాన్సిస్కో బ్యాంక్ ఆఫ్ అమెరికా వంటి పెద్ద బ్యాంకుల 1929 నాటి పది, ఇరవై డాలర్ల నోట్లు నలిగినవి అయితే ముఖవిలువ మీద కొన్ని పదుల డాలర్లే ఎక్కువ వస్తాయి. అలాంటి దానికి డబ్బు కట్టి గ్రేడింగ్‌కు పంపితే ఖర్చే మిగులుతుంది. ధర కొన్ని వందలు దాటుతుందని మీ లెక్క చెప్పినప్పుడే పీఎంజీ, పీసీజీఎస్ వంటి గ్రేడింగ్ సంస్థల గురించి ఆలోచించండి. సంతకం మీద అనుమానం ఉన్నప్పుడు, బ్యాంకు నిజంగా అరుదైనదైనప్పుడు మాత్రం గ్రేడింగ్ తప్పనిసరి. కొనేవాళ్లు ఆ సంస్థలు వేసే ప్లాస్టిక్ కవరు లేనిదే చెయ్యి ఎత్తరు.

2016 నవంబరు రాత్రి చూసిన మనకు నమ్మశక్యం కాని సంగతి ఒకటుంది: అమెరికా ఈ నోట్లను ఎన్నడూ రద్దు చేయలేదు. మీ పది డాలర్ల నోటు ఈనాటికీ చట్టప్రకారం పది డాలర్లే. అంటే అమ్మకం ఎంత చెడినా దాని ధర ముఖవిలువ కన్నా కిందికి పోదు. యాభై, వంద డాలర్ల నోట్లలో మామూలు బ్యాంకువి కొనేటప్పుడు ఈ కనీస ధర బాగా అక్కరకొస్తుంది.

అమ్మదలిస్తే నోటు రెండు వైపులా నీడ పడకుండా స్కాన్ చేసి, పైన చెప్పిన వరుసను జతచేసి ఇద్దరు ముగ్గురు డీలర్లకు, ఒక వేలం సంస్థకు పంపండి. ‘ఎంత ఇస్తారు?’ అని మాత్రమే అడగకుండా, ఈ చార్టర్‌కు మీ దగ్గర ఎవరైనా కొనేవారున్నారా అని కూడా అడగండి. ఆ రాష్ట్రపు నోట్లే అమ్మే డీలరు దొరికితే అతని మాటకు ఎక్కువ బరువు ఇవ్వండి. అరుదైన ఊరి పేరు చూడగానే ఏ సేకర్తకు ఫోను చేయాలో అతనికి తెలిసి ఉంటుంది.